9 కిలోమీటర్ల వేగం దగ్గర పడవ వణుకుతోంది. ఎందుకు?

హన్మకొండ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సారం ఇది.

ఆయనకు 47 ఏళ్లు. మోటార్ వైండింగ్ షాపు ఉంది. కూతురు పదో తరగతి. రెండు వేసవి సెలవుల్లో హైదరాబాద్‌లో మేనత్త ఇంట్లో ఉండి, హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకుంది. పాప ఇష్టం చూసి ఆయన, ఆయన బావమరిది చెరి సగం డబ్బు పెట్టుకుని కిందటేడు 14 అడుగుల పాత ఫైబర్ సెయిలింగ్ బోటు కొన్నారు. అనుమతులు తీసుకుని, కరీంనగర్ దగ్గర మానేరు డ్యాంలో నెలకు రెండు ఆదివారాలు నడుపుతున్నారు. మే నెలలో నీళ్లు బాగా తగ్గిన రోజుల్లో, పాప టిల్లర్ (చుక్కానిని తిప్పే కర్ర) పట్టుకుని ఉండగా సెంటర్‌బోర్డు (పడవ మధ్యలోని పెట్టె లాంటి సందులోంచి నీళ్లలోకి దిగే పలక) నీటి అడుగున దేనికో ఠక్కున తగిలింది. అంచు దగ్గర చిన్న పెచ్చు లేచింది. ఒడ్డున ఉన్న అందరి ముందూ ఆయన పాప మీద గట్టిగా అరిచారు. ఆ తర్వాత రెండుసార్లు పడవ దించారు. జూన్‌లో బోర్డు, చుక్కాని రెండూ విప్పి, తెలిసిన కార్ల పెయింటర్ దగ్గర లప్పం పెట్టించి కొత్త రంగు వేయించారు.

జులై నుంచి మొదలైంది అసలు బాధ. గాలి బాగా ఉన్న రోజు పడవ అడుగు నుంచి గుర్ర్‌మని ఒకటే మోత. "మా కాలనీ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడితే వినిపిస్తుందే, సరిగ్గా అదే శబ్దం" అని రాశారు. పాదాలు జిల్లుమంటాయట, టిఫిన్ డబ్బా మూత చిటచిటలాడుతుందట. ఫోన్‌లో చూస్తే గంటకు 8 కిలోమీటర్లు దాటాక మొదలై, 9 దగ్గర బాగా పెరిగి, 10 దాటితే తగ్గిపోతోంది. ఫైబర్ పని చేసే ఒకాయన చూసి, "అడుగు వదులైంది, ఫ్లోర్ మొత్తం కోసి కొత్త పొరలు వేయాలి, 40 వేలు" అన్నాడు. బావమరిది "శబ్దమే కదా, వదిలెయ్ బావా" అంటున్నాడు. పాపను ఆ పడవ ఎక్కనిచ్చేది లేదని ఇంట్లో ఆవిడ పట్టుబట్టింది. ఆగస్టు నుంచి పాప కూడా రావడం మానేసింది. ఒక రోజు అన్నం దగ్గర, "నేనే కదా పగలగొట్టింది" అందట. "40 వేలు పెట్టాలా, అమ్మేయాలా, పట్టించుకోకుండా తిరగాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని ఉత్తరం ముగించారు.

నమస్తే. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కాగితం మీద తేదీలు వరసగా రాసుకుంటూ చదివాను. మేలో దెబ్బ. ఆ తర్వాత రెండు ఆదివారాలు పడవ దించారు, ఆ రెండు రోజుల గురించి రాసినచోట మోత మాటే లేదు. జూన్‌లో లప్పం, రంగు. జులైలో మోత. ఇంట్లో అందరూ జులై మోతను తీసుకెళ్లి మే దెబ్బకు ముడిపెట్టారు. మధ్యలో ఉన్న జూన్‌ను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మీరు కూడా ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. నాకైతే ఉత్తరం మొత్తంలో ముఖ్యమైన వాక్యం అదే.

ఆ పెయింటర్‌ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. పదునైన అంచు మీద రంగు నిలవదు, త్వరగా లేచిపోతుంది. అందుకే మంచి పెయింటర్ ఎవరైనా లప్పంతో అంచును నింపి, గుండ్రంగా రుద్ది, ఆ పైన రంగు కొడతాడు. కారు తలుపుకు అది సరైన పని. నీళ్లను కోసుకుంటూ వెళ్లే బోర్డుకు మాత్రం వెనక అంచు సన్నగా ఉండాలి. అది లావై గుండ్రం తిరిగితే నీళ్లు అక్కడ శుభ్రంగా విడిపోవు.

వాగులో నిలువుగా ఒక కట్టె పాతి చూడండి. కట్టె దాటిన నీళ్లలో ఒక సుడి ఎడమ పక్క, తర్వాతది కుడి పక్క, మళ్లీ ఎడమ, ఇలా వరసగా పుడుతూ పోతాయి. సుడి పుట్టిన ప్రతిసారీ కట్టెను ఆ పక్కకు కొద్దిగా లాగుతుంది. కట్టె సన్నగా వణకడానికి కారణం అదే. గాలిలో కరెంటు తీగలు పాడేదీ ఇలాగే. 1878లో స్ట్రూహాల్ అనే చెక్ శాస్త్రవేత్త గాలిలో తీగల పాటను కొలిచి దానికొక లెక్క కట్టాడు. వేగాన్ని మందంతో భాగించి, సుమారు 0.2తో గుణిస్తే, సెకనుకు ఎన్ని సుళ్ల జతలు పుడతాయో వస్తుంది. మీ పడవకు వేసి చూద్దాం. గంటకు 9 కిలోమీటర్లంటే సెకనుకు 2.5 మీటర్లు. లప్పం, రంగు కలిసి వెనక అంచు 5 మిల్లీమీటర్లు అయ్యిందనుకుందాం. లెక్క 100 దగ్గర తేలుతుంది. సెకనుకు 100 కంపనాలు. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్రాన్స్‌ఫార్మర్ మోగేది దానికి రెట్టింపు, అంటే 100. మీ చెవి కాలనీ ట్రాన్స్‌ఫార్మర్‌నే గుర్తు తెచ్చుకుందంటే, ఎన్నో ఏళ్లుగా మోటార్ల మధ్య పనిచేస్తున్న చెవి అది, నేను నమ్ముతాను.

మరి 10 దాటితే ఎందుకు తగ్గుతోంది? బోర్డుకు, అది కూర్చున్న పెట్టెకు తమదైన ఊపు ఒకటి ఉంటుంది, చేత్తో తడితే మోగే స్వరం లాంటిది. సుళ్ల లెక్క ఆ స్వరంతో కలిసిన వేగం దగ్గర వణుకు బాగా పెరుగుతుంది. ఆ వేగం దాటితే జత విడిపోతుంది. పడవ అడుగు పెద్ద డప్పు చర్మం లాంటిది, కింద బోర్డు అంచు దగ్గర పుట్టిన వణుకును పడవంతా మోగించి వినిపిస్తుంది. అడుగు వదులైనందుకే మోత వస్తే ఇలా ఒక్క వేగం దగ్గర పెరిగి దాటగానే తగ్గడం అరుదు. అల తగిలిన ప్రతిసారీ డబ్‌మని కొట్టుకుంటుంది, కాలు వేసినచోట మెత్తగా దిగుతుంది. మీ ఉత్తరంలో ఆ రెండూ లేవు.

ఇంతా చెప్పాక ఒక అడ్డు ప్రశ్న కూడా వేసుకోవాలి. మేలో నీళ్లు తక్కువ, మీరు మెల్లగా నడిపి ఉంటారు. జులైలో పడమటి గాలి బలంగా వచ్చాకే పడవ మొదటిసారి 9 అందుకుందేమో. అలాగైతే ఈ మోత కొన్న రోజు నుంచే లోపల దాగి ఉండొచ్చు. ఆ పెచ్చు లేచినచోట గరుకు మిగిలి ఉండొచ్చు. బోర్డు పైకీ కిందకీ తిరిగే పివట్ బోల్టు వదులై ఉండొచ్చు. బోర్డు పెట్టె కింద నీళ్లు చిందకుండా ఉండే రబ్బరు పట్టీ చిరిగి రెపరెపలాడుతూ ఉండొచ్చు. రంగు రెండింటికీ వేశారు కాబట్టి మోత చుక్కానిది కూడా కావొచ్చు. కూర్చుని ఊహిస్తే తేలదు, ఒక్కొక్కటీ తప్పించి చూడాలి.

ఆ పద్ధతి మీకు నేను నేర్పాల్సిన పని లేదు. షాపుకు ఒక పంపుసెట్టు వచ్చి "అదురుతోంది" అంటే మీరేం చేస్తారు? ముందు కప్లింగ్ విప్పి మోటారును నో-లోడ్‌లో తిప్పుతారు. అదురు పోతే మోటారు మంచిదే, గొడవ పంపు వైపు ఉంది. బేరింగ్ అనుమానమైతే స్క్రూడ్రైవర్ మొన అక్కడ ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటారు. పడవకూ అచ్చంగా అదే చేయండి.

మీకు తెలిసిన మత్స్యకారుల ఇంజన్ బోటు ఉందని రాశారు. పొద్దున్నే గాలి లేని సమయంలో దానికి తాడు కట్టి లాగించుకోండి. తాడు కనీసం పది మీటర్లు ఉండాలి, లేకపోతే ముందు బోటు రేపే సుళ్లే మీకు తగులుతాయి. తెరచాప దించేయండి. అందరూ లైఫ్ జాకెట్ వేసుకోవాలి, తాడు క్షణంలో విప్పేలా ముడి ఉండాలి. మొదట బోర్డు పూర్తిగా పైకి లాగి 9 వేగానికి వెళ్లండి. మోత లేకపోతే బోర్డు కొంచెం కొంచెంగా దించండి. బోర్డు దిగుతున్నకొద్దీ మోత లేస్తే సగం పని అయిపోయినట్టే. బోర్డు పైన ఉన్నప్పుడు కూడా మోగుతుంటే చుక్కాని రెక్కను కాస్త పైకి ఎత్తి చూడండి, అప్పుడు టిల్లర్ పట్టుకున్న చేతికే తేడా తెలుస్తుంది. రెండూ నీళ్లలో లేకుండా కూడా వణుకు ఉంటేనే అడుగును అనుమానించాలి. ప్రతి దశలోనూ స్క్రూడ్రైవర్ బోర్డు పెట్టె మీద, మాస్టు (తెరచాప స్తంభం) కింద, వెనక చెక్క మీద ఆనించి వినండి. బోర్డు కదులుతున్నప్పుడు పెట్టె సందులో మాత్రం వేలు పెట్టకండి.

గాలి శబ్దం కాదని తేల్చుకోవడం సులభం. పడవను లంగరు వేసి, గాలిలో మాస్టు తీగలను చేత్తో పట్టుకోండి. పడవ నిలబడి ఉన్నా తీగ జుయ్‌మంటుంటే అది వేరే సంగతి. ఆ స్వరం కూడా మీ మోత కంటే చాలా సన్నగా ఉంటుంది.

ఒడ్డు మీద చేయాల్సినవి ఇంకో రెండున్నాయి, మే దెబ్బ కోసం ఇవి తప్పనిసరి. పడవను పక్కకు ఒరిగించి బోర్డు మొత్తం బయటికి తీయండి. పెట్టె మూలల దగ్గర, పివట్ బోల్టు చుట్టూ వల దారం చుట్టుకుందేమో వేలితో తడిమి చూడండి. మానేరులో వలలు ఎక్కువ. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, చాలా ఏళ్ల కిందట ఒకరి బోటులో ఇలాంటి మోతే వస్తుంటే నేను అడుగునే అనుమానించి ఫ్లోర్ కోయించాను. లోపల ఫోమ్ పొడిగా, గట్టిగా ఉంది. తర్వాత బోర్డు బయటికి తీస్తే పివట్ దగ్గర మూరెడు నైలాన్ దారం చుట్టుకుని కనిపించింది. అది తీసేశాక మోత పోయింది. ఆయన డబ్బు నేను తిరిగి ఇచ్చేశాను. కోసిన ఫ్లోర్ మాత్రం మళ్లీ మునుపటిలా కాలేదు, ఆ బోటు గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే మీ ఫ్లోర్ కోస్తామంటే ఇంత గట్టిగా ఆపుతున్నాను.

రెండోది, పెట్టె అడుగుకు అతుక్కున్న జాయింటు. పడవను ఎత్తు దిమ్మెల మీద పెట్టి, లోపల పెట్టె చుట్టూ రెండంగుళాలు నిలిచేలా నీళ్లు పోసి అరగంట వదిలేయండి. కింద నుంచి చూడండి. చెమ్మ చుక్క కూడా లేకపోతే మంచిది. గీత వెంట తడి కనిపిస్తే దెబ్బ అక్కడిదాకా వెళ్లిందని అర్థం, అది బాగయ్యేదాకా పడవ నీళ్లలో దించొద్దు. పనిలో పనిగా ఐదు రూపాయల బిళ్లతో అడుగంతా తట్టండి. టక్కుమని పలికితే పొర గట్టిగా ఉంది. డొల్లగా, మొద్దుగా పలికినచోట సుద్దముక్కతో గుండ్రం గీయండి. అరచేయంత గుండ్రం ఒకటో రెండో ఉంటే వాటి వరకే బాగు చేయించుకోవచ్చు. అలాంటి గుండ్రాలు అడుగంతా ఉంటే అప్పుడు ఆ 40 వేల మాట ఆలోచించండి.

బోర్డే కారణమని తేలితే వెనక అంచును పాత ఆకారానికి తేవాలి. చెక్క ముక్కకు 120 నంబరు వాటర్ పేపర్ చుట్టి, పొడవునా సమానంగా రుద్దండి, వేళ్లతో రుద్దితే మళ్లీ గుండ్రమే వస్తుంది. అంచు రెండు మిల్లీమీటర్లకు దిగాలి, మూలలు చేతికి తగిలేంత స్పష్టంగా ఉండాలి. బోర్డు లావు వల్ల అంత సన్నం రాకపోతే ఒక్క పక్కనే ఏటవాలుగా చెక్కండి. అప్పుడు రెండు పక్కల సుళ్లు ఒకే చోట పుట్టవు, ఒకదాన్ని ఒకటి చెరిపేసుకుంటాయి. చివర 320తో నునుపు చేసి, లోపల చెక్క బయటపడినచోట ఎపాక్సీ పల్చగా రెండు పూతలు వేయండి. చెక్క నీళ్లు తాగితే బోర్డు ఉబ్బి పెట్టెలో ఇరుక్కుంటుంది. ఖర్చు వందల్లోనే ఉంటుంది. ఒకేసారి ఎక్కువ రుద్దకుండా, కొంచెం రుద్ది, నీళ్లలో పరీక్షించి, మళ్లీ రుద్దండి.

ఇక మీరు అడిగిన మూడు దారులు. ఇప్పుడే ఫ్లోర్ కోయిస్తే పడవ బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే వేగం తగ్గుతుంది. వేగం 9 అందకపోతే మోత పోయినట్టే అనిపిస్తుంది కూడా, అదే ప్రమాదం. జాయింటు దగ్గర చీలిక ఉంటే కొత్త పొర కింద దాక్కుంటుంది. పరీక్షలు అయ్యాక కూడా ఫ్లోర్ పనే కావాలని తేలితే, ముందు చిన్న కిటికీలా ఒకచోట కోసి లోపల చూపించమనండి. దానికి ఒప్పుకోని పనివాడికి మీ పడవ ఇవ్వకండి.

పట్టించుకోకుండా తిరగాలన్న మీ బావమరిది మాటలో సగం నిజం ఉంది. ఉత్త మోత పడవను ముంచదు. అయితే ఆ మాట జాయింటు పరీక్ష తర్వాత అనాలి. నెలల తరబడి వణికితే బోల్టులు వదులవుతాయి, పివట్ చిల్లు గుండ్రం పోయి కోడిగుడ్డులా సాగుతుంది. అప్పుడు పడవ దిశ మార్చిన ప్రతిసారీ లోపల టక్ టక్‌మని కొట్టుకోవడం మొదలవుతుంది. అది ఇప్పటికే వినిపిస్తుంటే అతని దారి మూసుకుపోయినట్టే. అతనూ సగం డబ్బు పెట్టినవాడు కాబట్టి పరీక్ష రోజు తాడు అతని చేతికే ఇవ్వండి. కళ్లతో చూశాక వాదన పెద్దగా ఉండదు.

అమ్మడం మీ ఇష్టం, దాన్ని ఓటమిగా చూడను. కాకపోతే కొనేవాళ్లకు మే దెబ్బ, జూన్ రంగు రెండూ చెప్పి అమ్మాలి, వాళ్లూ పిల్లలను ఎక్కించుకుంటారు. కారణం తేలని మోతతో అమ్మితే ధర కూడా రాదు. ఎలా చూసినా పరీక్ష తర్వాత అమ్మడమే మేలు.

ఆవిడ భయం గురించి మీరు "మొండిపట్టు" అని రాశారు. నేనలా అనుకోను. పడవ ఎందుకు వణుకుతోందో ఇంట్లో ఎవరికీ తెలియనప్పుడు బిడ్డను ఎక్కించనంటే అది న్యాయమే. ఆ నీళ్ల పరీక్ష ఆవిడ ముందే చేయండి. అరగంట తర్వాత పడవ కింద పొడిగా ఉందో లేదో ఆవిడనే వంగి చూడమనండి.

పాప సంగతి చివరికి ఉంచాను, ఎక్కువ ఆలోచించింది మాత్రం దాని గురించే. పరీక్షలో మోత లప్పం వల్లనే అని తేలితే మీకు తేలికవుతుంది, "నీ తప్పు కాదమ్మా" అని వెళ్లి చెప్పేస్తారు. ఒకవేళ ఆ పెచ్చు వల్లనే అని తేలితే? అప్పుడేం చెబుతారు? మీరు అరిచింది మోత కోసం కాదు, అప్పటికి మోతే లేదు. కాబట్టి ఆ అరుపుకు చెప్పాల్సిన సారీ పరీక్ష దాకా ఆగకూడదు. ఈ వారమే చెప్పండి, వీలైతే అన్నం దగ్గరే, ఆమె ఆ మాట అన్న చోటే. ఎండాకాలం డ్యాంలో నీళ్లు తగ్గితే అడుగున రాళ్లు, మోళ్లు ఎక్కడున్నాయో కనిపించవు. టిల్లర్ దగ్గర మీరున్నా తగిలేది. నిజానికి అలాంటి చోట బోర్డు సగం పైకి లాగి నడపాలి. ఆ రోజు పడవలో పెద్దవాళ్లెవరూ ఆ పని చేయలేదు. ఇది కూడా ఆమెకు చెప్పండి.

ఇంకొక సంగతి. హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ పడవ 8 అడుగులు కూడా ఉండదు. అందులో టిల్లర్ పట్టుకుని ఒక్కరే కూర్చుంటారు. అలా నేర్చుకున్నవాళ్లకు నీటి వేగం చేతికి, తుంటికి తెలిసిపోతుంది. మీ ఇంట్లో అలాంటి చేయి ఒక్కటే ఉంది. దెబ్బకు ముందు టిల్లర్ ఎలా ఉండేది, దెబ్బ తర్వాత ఆ రెండు ఆదివారాలు ఎలా ఉంది, జులైలో మోత ముందు చేతికి తెలిసిందా, కాళ్లకు తెలిసిందా? ఇవి ఆమె తప్ప ఎవరూ చెప్పలేరు. ఇంతవరకూ ఇంట్లో ఎవరైనా ఆమెను అడిగారా? మీ నాలుగు పేజీల్లో నాకు అది కనిపించలేదు. తప్పు చేసిన పిల్లలా పక్కన నిలబెట్టకుండా, పడవ తెలిసిన మనిషిగా అడగండి. రావాలనిపించకపోతే బలవంతం వద్దు, ఇంట్లో కూర్చుని కాగితం మీద రాసిచ్చినా చాలు. వస్తానంటే, ఆవిడ నీళ్ల పరీక్ష చూసి సరేనన్నాక, లాగించే రోజు టిల్లర్ ఆమెకే ఇవ్వండి.

ఆ రోజు ఫోన్‌లో వేగం మీరు చదవండి. 7, 8, 9 దగ్గర ఏం తెలుస్తోందో ఆమెను చెప్పమని, తన మాటల్లోనే రాసి నాకు పంపండి. బోర్డు వెనక అంచు మందం కూడా స్కేలుతో కొలిచి ఆ కాగితం మీదే వేయండి.